పాడ్యమినాటి సముద్రం

ఆ రోజుల్లో మనిషి ఊరు కదలాలంటే కారణం కావాలి. పెళ్ళో, చావో, కోర్టు వాయిదానో, తీర్థమో ఏదో ఒకటి ఉండాలి. ఏ కారణమూ లేకుండా, ఊరికే పది రోజులు గాలి మార్చుకొద్దామని పెట్టె సర్దుకున్న మనిషిని చూస్తే జనం "ఇందులో ఏదో ఉంది" అనుకునేవారు. మా అరకు కొండల్లో అయితే మరీను. దిగువ మన్యంలో పితూరీ అణిగి ఇంకా రెండేళ్ళు నిండలేదు. చంకలో మూట ఉన్నవాణ్ణి పోలీసువాడు ఆపి విప్పించేవాడు, కొత్త ముఖం కనబడితే ఊరు ఊరంతా తలుపులు వేసుకునేది. ఆ గాలి పీల్చి పెరిగినవాణ్ణి కనక, పందొమ్మిదో ఏడు వచ్చేసరికి నాకు ఇంకే విద్యా రాకపోయినా అనుమానించడం మాత్రం బాగా పట్టుబడింది. పైగా దొరికిన ఉద్యోగం కూడా దానికి తగినదే. ఘాటీ రోడ్డు మొగలో అడవిశాఖవారి గేటు ఒకటి ఉండేది. నేను దానికి గుమాస్తాని. కొండ మీంచి దిగే ప్రతి బండినీ ఆపి "పర్మిట్ ఉందా?" అనడం నా పని. ఇందుకుగాను సర్కారువారు నాకొక ఖాకీ కోటు, దానికి ఆరు ఇత్తడి బొత్తాలు, ఒక ఈల దయచేయించారు.

ఆ కోటు తొడుక్కున్న మొదటి నెలలోనే నేను చేసిన ఘనకార్యాలు తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి. ఒక ముసలామె నెత్తిన గడ్డిమోపు పెట్టుకుని పోతుంటే అనుమానం వచ్చి దింపించి, విప్పించి, పరకా పరకా వెతికి, చివరికి అందులో గడ్డి ఉందని కనిపెట్టాను. (ఆవిడ కోప్పడలేదు. నవ్వి, మోపు మళ్ళీ కట్టడానికి నన్నే ఒక కొస పట్టుకోమంది.) పెళ్ళివారు పందిరికి రాట తీసుకుపోతుంటే దానికీ పర్మిట్ అడిగాను. ముహూర్తం దాటిపోతోందని పెళ్ళికొడుకు తండ్రి నెత్తీ నోరూ కొట్టుకుంటే, ఇంత తొందరెందుకు పడుతున్నాడా అని ఇంకాస్త అనుమానించాను. చుట్టుపక్కల నా పేరే పోయి 'పర్మిట్ బాబు' మిగిలింది. మా నాయనమ్మ మాత్రం 'గేటు బాబూ' అని పిలిచేది. ఆవిడ పిలుపులో బాబు అన్నమాట ఎందుకో తిట్టులా వినబడేది.

మా నాన్న డుంబ్రిగుడ సంతలో ఉప్పు షావుకారు. కొండవాళ్ళకి ఉప్పు అమ్మి, వాళ్ళ దగ్గర చింతపండూ పిప్పళ్ళూ కొనేవాడు. మా ఇంట్లో నాయనమ్మ తప్ప సముద్రాన్ని చూసినవాళ్ళు లేరు. ఆవిడ కూడా పెళ్ళికి ముందు ఎప్పుడో ఒక్కసారి చూసిందట. కానీ ఆ సముద్రం ప్రతివారమూ ఎద్దుల వీపు మీద ఎక్కి మా ఇంటికి వచ్చేది. గోనె దించగానే నాన్న ఒక ఉప్పుకల్లు నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, అది ఏ ఊరి మడిలో పండిందో చెప్పేవాడు. ఆ విద్య నాకూ కొంత నేర్పాడు. మా అమ్మ ఆ తడి గోనె పట్టుకుని వాసన చూసేది. "సముద్రం ఇలగే ఉంటాదేటి?" అని అడిగేది. నాయనమ్మ ఎప్పుడో చూసి మరిచిపోయింది, మిగతావాళ్ళకి ఏం తెలుసు గనక!

అమ్మకి రెండు వానాకాలాలు వరసగా చలిజ్వరం వచ్చింది. మా కొండల జ్వరం సంగతి తెలిసిందే, ఓ పట్టాన వదలదు. మనిషి ఎండిపోయింది, కడుపులో బల్ల పెరిగి పొట్ట ఉబ్బింది. కిందినించి క్యాంపుకి వచ్చిన డాక్టరు ఒకాయన చూసి, క్వినైన్ ఇచ్చి, కొన్నాళ్ళు సముద్రపు గాలి తగిలితే మంచిదన్నాడు. నాన్న దుకాణం వదిలి రాలేడు. "నువ్వే తీసికెల్రా. ఏ ఊరు మంచిదో నువ్వే సూడు. గవర్నమెంటోడివి కదా" అన్నాడు. ఆ మాటతో నా ఛాతీకి కోటు బిగువైంది. అమ్మ మాత్రం నన్ను పక్కకి పిలిచి, చలికి కప్పుకున్నట్టుగా కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ మెల్లగా చెప్పింది.

"ఒరే నాయినా, గాలి సంగతి నాకు తెల్దు. ఆ సముద్రంలో ఒక్కసారి నిండా ములిగితే సాలు నాకు. కానొకటిరా, జనం ఉండకూడదు. జనం లేని సోటు సూడు."

"జనం ఉంటే ఏమమ్మా?"

"నాకు గాభరా" అని లోపలికి వెళ్ళిపోయింది. గాభరా ఎందుకో నేను ఆలోచించలేదు. దొంగల భయం అని నాకు నేనే రాసేసుకున్నాను. నా బుర్రలో ఇంకో భయానికి చోటేదీ!

ఇక ఊరు ఎంచుకోవడం మొదలుపెట్టాను. విశాఖపట్నం అన్నారు కొందరు. అక్కడ జనం ఎక్కువ, జనం ఎక్కువైన చోట జేబుదొంగలు, జేబుదొంగలు లేనిచోట కలరా. కొట్టేశాను. భీమిలి అన్నారు. అక్కడ మా నాన్న పినతల్లి తాలూకు వాళ్ళు నాలుగు ఇళ్ళవారున్నారు. మనం ఒంటరిగా దిగితే గంటలో పదిమంది వచ్చి చుట్టూ కూర్చుంటారు. అదీ కొట్టేశాను. అప్పుడు తగిలాడు మా ఉప్పెడ్ల తాత. అంటే నాన్నకి ఉప్పు తెచ్చే ముసలాయన. సముద్రపు ఒడ్డునే ఆయన ఊరు. (ఆ ఊరి పేరు చెప్పను. చెబితే మీరూ బయల్దేరతారు.) ఎద్దులతో గేటు దగ్గరికి రాగానే ఆపాను.

"తాతా, మీ ఊరు ఎలా ఉంటుంది?"

"ఎలగుంటాది బావూ, ఇసకగా ఉంటాది."

"జనం వస్తారా?"

"ఎవులూ రారు."

"ఎందుకు రారు?"

"ఏటుందని వత్తారు?"

నాకు చెవులు నిక్కబొడుచుకున్నాయి. జనం ఉంటే దొంగల భయం సరే, అసలు జనమే రాని చోటంటే అంతకన్నా పెద్ద కారణం ఏదో ఉండి తీరాలి. ఊరికే ఎవరూ రాకుండా ఎందుకుంటారు? గేటు పుస్తకం వెనక అట్ట మీద 'ముసలివాడు ఏదో దాస్తున్నాడు' అని రాసుకున్నాను. మరుసటి వారం మళ్ళీ ఆపాను. నీళ్ళు మంచివి కావా? మంచివే. జబ్బులున్నాయా? లేవు. పాములా? లేవు. దెయ్యాలా? "దెయ్యాలకి మాత్రం ఆడేటుంది బావూ?" అన్నాడు తాత, విసుగ్గా ఎద్దు చెవి గోకుతూ. మూడోవారం కూడా ఆపేసరికి పాపం ఆయన ఎద్దుల మీద గోనెలు తనే దించబోయాడు. "నాను తప్పుడు ఉప్పు తేనేదు బావూ, రసీదుంది" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ అనిపించింది నాకు. అసలు దొంగని చూసినట్టు వారం వారం నేను చూస్తుంటే ఎవరి భుజాలు మాత్రం ఊరుకుంటాయన్న సంగతి తట్టలేదు.

చివరికి ఆ వారమే అసలు మాట బయటికి వచ్చింది. "మాఘ పున్నానికి మాత్రం జనం పడిపోతారు బావూ. ఊళ్ళకి ఊళ్ళు బళ్ళు కట్టుకొని వచ్చీస్తారు. ఇసకేస్తే రాలరు" అన్నాడు. (సముద్రపు ఒడ్డున ఇసక ఎవడేస్తాడని నేను అడిగాను కూడా.) "మర్నాడు సూసేవంటే కాకి కూడా ఉండదు." ఆ మాటతో నా అనుమానం తీరింది. ఏడాదికోసారి అంతమంది వచ్చి క్షేమంగా తిరిగి వెళుతున్నారంటే ఊళ్ళో దోషం లేదన్నమాట. మిగతా రోజుల్లో ఎవరూ రారంటే అది మనకి కావలసిందే. లెక్క కట్టాను. పున్నమికి జనం వస్తారు, అమావాస్యకీ కొంతమంది వస్తారట. కాబట్టి పున్నమి దాటిన పాడ్యమినాడు దిగాలి, అమావాస్యకి ఒకరోజు ముందే బయల్దేరాలి. నా సెలవు కూడా సరిగ్గా అంతే ఉంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

ఈ లెక్క నేనెవరికీ చెప్పలేదు. మేము ఏ రోజున ఇల్లు వదులుతామో, ఏ రోజున తిరిగి వస్తామో పదిమందికీ తెలిస్తే దొంగలకీ తెలుస్తుంది. అమ్మకీ చెప్పలేదు, నాన్నకీ చెప్పలేదు. తోడు వస్తానని తయారైన నాయనమ్మకి అసలే చెప్పలేదు. ఆవిడకి చెప్పడమంటే సంతలో దండోరా వేయించడమే. ఒకనాడు తెల్లవారుజామున మంచులో బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టి "ఎక్కండి" అన్నాను. అంతే.

ఘాటీ దిగి, కోట ఊరి మీదుగా విజయనగరం చేరాం. ఉప్పెడ్ల తాత ఖాళీ ఎద్దులు తోలుకుంటూ మాకు దారి చూపిస్తూ ముందు నడిచాడు. సత్రంలో దిగి, ఒకరోజు ఆగుదామన్నాను. నాయనమ్మ అనుమానంగా చూసింది. (అనుమానం మా వంశంలో ఆవిడనించే దిగింది.)

"ఎందుకురా ఆగడం? బేగి ఎల్తే సాయంత్రానికి సేరిపోమా?"

"ఎడ్లు అలిసిపోయాయి."

"ఎడ్లకేటీ అవనేదు. ఒరే, ఈయాల పున్నం."

"తెలుసులే నాయనమ్మా" అని నవ్వాను. నా లెక్క ఆవిడ పసిగట్టి కూపీ లాగుతోందనుకున్నాను. ఆవిడేమో, వీడికి తెలుసంటున్నాడు కదా, ఏదో ఏర్పాటు ఉండే ఉంటుందిలే అనుకుంది. ఇద్దరం ఒకరికొకరం తీసిపోకుండా నోళ్ళు కట్టుకుని ఆ పున్నమి కాస్తా సత్రం అరుగు మీద గడిపేశాం. బళ్ళకి బళ్ళు జనం మా ముందునించే సముద్రానికి పోతుంటే నేను లోలోపల నవ్వుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నానికి చేరాం. తాత చెప్పినట్టే ఉంది. ఒడ్డు పొడుగునా వేల కాళ్ళ అచ్చులు, అరటి దొప్పలు, పగిలిన కొబ్బరిచిప్పలు, పసుపు ముద్దలు, ఎవరిదో విరిగిన గాజు. మనిషన్నవాడు లేడు. చూశారా అన్నట్టు చెయ్యి చాపాను. అమ్మ బండి దిగి, రెండు అడుగులు వేసి ఆగిపోయింది. ఆ నీలం ముందు మనిషి చిన్న గువ్వంత కనబడింది. "ఇంతుంటాదా!" అంది. తర్వాత కొంగు నెత్తి మీద సర్దుకుని నీళ్ళ వైపు నడవబోయింది.

"ఆగు!" అని అరిచింది నాయనమ్మ. "ఈయాల పాడ్యమే! ముట్టుకోకు."

అమ్మ కాలు అలాగే ఆగింది. నేను తెల్లమొహం వేశాను.

"పున్నానికీ అమాసకీ తప్పించి సముద్రాన్ని ముట్టుకోకూడదు. పాపం. పసిగుంటని అడిగినా సెప్తాది. నీకు తెల్దేటిరా?"

"నాకెవరు చెప్పారు?"

"నువ్వు నాకు సెప్పేవేటి? పున్నం ఈయాలరా అంటే తెలుసునే అని మీసం తిప్పేవు కాదూ!" (మీసం అప్పటికి తిప్పేంత లేదు.) "జనం మర్నాడు రారంటే ఎందుకు రారో అడగొద్దా? నువ్వడగని ప్రశ్నుందా లోకంలో? ఆ ముసిలోణ్ణి మూడు వారాలు పీక్కు తిన్నావే!"

ఉప్పెడ్ల తాత నేల చూపులు చూస్తూ "మామూలు రోజుల్లో వచ్చి ఏటి సేత్తారని, ఏటుందని వత్తారు అన్నాను బావూ నాను" అన్నాడు. అప్పటికి బోధపడింది నాకు. దొంగలూ దెయ్యాలూ కలరా అన్నీ అడిగాను, తిథి ఒక్కటీ అడగలేదు. జనం లేని రోజుల కోసం లెక్క కట్టి కట్టి, సరిగ్గా సముద్రం మనకి పనికిరాని రోజులు ఏరి తెచ్చాను. అమావాస్య దాకా ఉందామంటే నా సెలవు లేదు. ఉన్నా ఆనాడు మళ్ళీ జనం. అమ్మ నీళ్ళకి పది మూరల దూరంలో ఇసకలో కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు చుట్టుకుని సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది.

తాత కూతురు మాకు తన కొత్త తాటాకిల్లు ఖాళీ చేసి ఇచ్చింది. ఆ రోజునించీ అమ్మ పొద్దున్నా సాయంత్రం వెళ్ళి అదే చోట కూర్చునేది. నేను సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి ఖాకీ కోటు తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని ఒడ్డంతా గస్తీ తిరిగేవాణ్ణి. అక్కడ ఒక వింత గమనించాను. నేను వస్తున్నానంటే ఒడ్డున కనబడే నలుగురైదుగురు ఊరి ఆడవాళ్ళు కూడా కుండలు చంకన పెట్టుకుని మాయమైపోతున్నారు. రెండో రోజుకి పిల్లలు కూడా కనబడలేదు. జనం లేని ఊరన్నది నా మూలాన నిజంగానే జనం లేనిదైంది. ఇంతమంది ఎందుకు దాక్కుంటున్నారని నాకు అనుమానం. సముద్రంలో కాలు పెట్టనివాడు రోజూ ఒడ్డున ఏం చూస్తున్నాడని వాళ్ళకి అనుమానం. చివరికి తాత దగ్గరికొచ్చి చెప్పాడు.

"తవరు ఉప్పు జవానేమో అనుకుంటన్నారు బావూ. ఇక్కడి ఆడగుంటలు కూటికోసం సవిటిమన్ను గీరుకొని ఉప్పు కాసుకుంటారు. సర్కారోళ్ళు సూస్తే కేసు. ఆ ఇత్తడి బొత్తాల కోటు ఇప్పీ బావూ, నీకు పున్నెం ఉంటాది."

మంచిమాటే చెప్పాడు. కానీ నేను కోటు విప్పలేదు. కోటు విప్పమని ఇతనికెందుకింత తొందర, అనుకున్నాను.

అయిదో రోజునో ఆరో రోజునో అసలు కథ మొదలైంది. పొద్దున్న లేచి పెరట్లోకి వెళ్ళాను. దండెం మీద అమ్మ చీర ఆరేసి ఉంది. అంచు పొడుగునా తెల్లటి చార కట్టి ఉంది. "చీర తడిసిందేమమ్మా?" అన్నాను. "బిందె తొణికిందిరా" అంది అమ్మ, నా మొహం చూడకుండా. నాయనమ్మ రొండిన ఉన్న పొగాకు సంచిలో ఇసక ఉంది. అదీ చూశాను. ఎవరూ లేనప్పుడు దండెం దగ్గరికి వెళ్ళి, ఆ అంచు కొంచెం నాలిక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఉప్పు షావుకారు కొడుకుని నేను. బిందె నీళ్ళెక్కడ, ఇదెక్కడ!

అప్పుడు నా బుర్రలో తయారైన కథ వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. ఈ ఊరివాళ్ళు ఉప్పు దొంగలు. నేనున్నానని పట్టపగలు పని సాగడం లేదు. అందుకని తాత కూతురు మా అమాయకపు అమ్మని మంచి చేసుకుని, సర్కారు ఉద్యోగి తల్లిని ఎవరూ ఆపరు కదా అని, తెల్లారకుండా ఆవిడ చేత కుండలు మోయిస్తోంది! పాపం అమ్మ, జ్వరం మనిషి. నాయనమ్మని పొగాకుతో కొనేశారు. మర్నాడు వేకువనే వీళ్ళని పట్టుకోవాలి. కోటు తొడుక్కున్నాను. ఈల సరిచూసుకున్నాను. ఒడ్డున బోర్లించి ఉన్న పడవ వెనక కూర్చున్నాను.

తూరుపు ఎర్రబడుతోంది. ఇద్దరు వస్తున్నారు. నాయనమ్మ, అమ్మ. మూడో మనిషి లేదు, కుండలు లేవు. నాయనమ్మ ఇటూ అటూ చూసి (నాకంటే బాగా చూసింది) "ఎవులూ నేరు. కూకో" అంది. అమ్మ తడి ఇసక మీద, అలలు వచ్చి ఆగిపోయే గీతకి ఇవతల, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఈల నోట్లో పెట్టుకున్నాను. ఇదేం దొంగతనమో బోధపడలేదు. ఇంతలో పెద్ద అల ఒకటి వచ్చి గీత దాటి, నడుం దాకా అమ్మని తడిపేసి, కొంగు లాక్కుపోయింది.

అమ్మ తల మీద జుట్టు లేదు. జ్వరాలకి ఊడిపోయి, అక్కడక్కడ నాలుగు పోచలు, మిగతాదంతా బోడి. రెండేళ్ళనించి నెత్తిన కొంగు లేకుండా అమ్మ కనబడలేదు నాకు. చలికనుకున్నాను. అందరి మూటలూ విప్పించినవాణ్ణి, ఇంట్లో అమ్మ కొంగు కింద ఏముందో నాకు తెలియదు. పసుపు కుంకాలున్న మనిషికి బోడితల. పదిమందిలో మునిగితే కొంగు జారదూ? చూసినవాళ్ళు ఏమనుకుంటారు, ఏమని పలకరిస్తారు? జనం లేని చోటు ఎందుకు కావాలందో అప్పటికి తెలిసింది. పడవ వెనక నాకు ఏడుపు వచ్చేసింది. ఈల నోట్లోనే ఉంది గనక, ఏడవడానికి కూడా భయమేసి అది తీసి జేబులో పెట్టుకున్నాను.

"అత్తా, పాపం కాదా?" అంటోంది అమ్మ, మొహం మీద చిమ్మిన నీళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు ముట్టుకున్నావేటే? నీ మానాన నువ్వు కూకున్నావు. అదొచ్చి ముట్టుకున్నాది" అంది నాయనమ్మ. "మనం దాన్ని ముట్టుకోకూడదన్నారు గానీ, అది మనల్ని ముట్టుకోకూడదని ఏ పంతులూ సెప్పనేదు. తప్పయితే దానిది. కదలకు, ఇంకోటి వస్తంది."

ఇంకోటి వచ్చింది. ఈసారి నిండా ముంచేసింది. అమ్మ నవ్వింది. ఇంట్లో రోజూ వంట దగ్గరా నీళ్ళ దగ్గరా అమ్మని సాధించే నాయనమ్మ, ఆ నవ్వు విని తనూ నోరంతా తెరిచి నవ్వింది. తనూ పక్కనే చతికిలపడింది. తర్వాత చాలాసేపు సముద్రం తప్పు మీద తప్పు చేస్తూనే ఉంది.

వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు నేను పడవకి కరుచుకుపోయి ఊపిరి బిగబట్టాను. అమ్మ తడి చీర పిండుకుంటూ ముందు నడిచి గట్టెక్కింది. నాయనమ్మ పడవ దగ్గర ఆగి, కాలి ఇసక దులుపుకుంటున్నట్టు వంగి, నా వైపు చూడకుండానే, మెల్లగా అంది.

"తనిఖీ అయ్యిందా గేటు బాబూ? పరిమిట్టు నానిచ్చేను. ఆ కోటిప్పి ఇంటికి నడు. అమ్మకి సెప్పకు."

కోటు విప్పాను. ఆ రోజునించి తిరుగు ప్రయాణం దాకా మళ్ళీ తొడగలేదు. తమాషా ఏమిటంటే, కోటు లేని నన్ను చూసి రెండు రోజుల్లో ఊరి ఆడవాళ్ళందరూ మళ్ళీ ఒడ్డుకి వచ్చేశారు. జనం లేని ఊరికి జనం వచ్చారు. కానీ వేకువన ఆ ఒక్క చోటికి మాత్రం ఎవరూ రాలేదు. తాత కూతురు ఎవరితో ఏం చెప్పిందో, అంతా ఇటు వీపు పెట్టి అటు దూరంగా సవిటిమన్ను గీరుకునేవారు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఘాటీ మొగలో గేటు దగ్గర నా బదులున్న గుమాస్తా కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. బండి ఆపి "ఏం తెస్తున్నారు?" అని, అమ్మ ఒళ్ళో ఉన్న చిన్న మూట మీద చెయ్యి వెయ్యబోయాడు. అమ్మ మూటని గట్టిగా పట్టుకుంది. అమ్మ మొహం నేను చూశాను. "వదిలెయ్. నేను చూశాను" అన్నాను. చూడలేదు. ఆ గేటు దగ్గర నేను విప్పించకుండా పంపిన మొదటి మూట అదే. ఇంటికెళ్ళాక నాన్న "ములిగేరా సముద్రంలో?" అని అడిగితే, అమ్మ "నేదు, తిథి కుదరనేదు. నాను ముట్టనేదు" అంది. అబద్ధం కాదు కదా. ఆ వారం మా ఇంటి పప్పులో ఉప్పు నాన్న నాలిక మీద పెట్టుకుని "ఇది మన గోనెది కాదే" అన్నాడు. నాయనమ్మ "తినరా" అంది.

ఏడాది తిరిగేసరికి అమ్మకి జుట్టు వచ్చింది. నాన్న క్వినైన్ అన్నాడు. డాక్టరు గాలి అన్నాడు. అమ్మ మాత్రం పూలు ముడుచుకుంటూ అద్దంలో చూసుకుని ఏదో తనలో తనే నవ్వుకునేది. నేను అక్కడ చూశానని ఆవిడకి చివరిదాకా తెలియదు. నాయనమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

నేను పెన్షను పుచ్చుకుని ఇప్పుడు సముద్రం ఉన్న ఊళ్ళోనే ఉంటున్నాను. జనానికి పాడ్యమి లేదు పున్నమి లేదు, అందరూ అన్ని రోజులూ మునుగుతున్నారు. పిల్లలు నన్ను కూడా రమ్మని లాగుతారు. నేను వెళ్ళను. అలలు ఆగే గీతకి ఇవతల, తడి ఇసక మీద చతికిలపడి కూర్చుంటాను. ముసలాడికి చాదస్తం అనుకుంటారు వాళ్ళు. కాస్తసేపటికి అది తనే వస్తుంది. కాళ్ళు తడిసినప్పుడల్లా, ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి పడవల వైపు చూస్తాను. పాత అలవాటు. ఖాకీ కోటు వేసుకున్న ఓ వెర్రికుర్రాడు అక్కడ ఉంటే, తనిఖీ అయ్యిందా అని అడుగుదామని నాకు చాలా ఉంది.